రెయిడ్‌లో డిస్క్ పోతే ముందు బతికున్నదాన్ని కాపాడుకోండి

పర్లాకిమిడిలో మా స్టూడియో పెళ్లి ఫొటోలన్నీ ఒక లినక్స్ సిస్టంలో ఉంటాయి. నాలుగేసి టీబీల డిస్కులు రెండు, రెయిడ్ 1, అంటే రెండింట్లోనూ ఒకే డేటా ఉంటుంది. ఊళ్లోని ఒడియా కుటుంబాలవి, పాతపట్నం, టెక్కలి నుంచి వచ్చేవాళ్లవి అన్నీ అందులోనే. చాలామంది ఇళ్లలో ఇంకో కాపీ ఉండదు. అందుకే ఒక డిస్క్ పోయిందంటే, ముందు రెండోదానిలోని ముఖ్యమైన ఫోల్డర్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేస్తాను. రీబిల్డ్‌లో, అంటే కొత్త డిస్క్‌లోకి డేటా మళ్లీ నింపేటప్పుడు, ఆ డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా చదవాలి. దాంట్లో చదవలేని సెక్టార్ (డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడి) ఉంటే బయటపడేది అప్పుడే.

నిజంగా డిస్కే పోయిందా? డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 5 (పాడై వేరేచోటికి మార్చిన సెక్టార్లు), 197 (చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు) నంబర్ల లెక్కలు పెరిగితే డిస్క్‌దే తప్పు. అవి సున్నా ఉండి 199 (డేటా వచ్చిపోయే దారిలో తప్పులు) ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌కి తగిలించిన సాటా కేబుల్ మార్చి చూడండి.

లినక్స్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను నమ్మి డిస్క్ ఊడదీయకండి. రీబూట్‌కి అవి తారుమారు కావచ్చు. బతికున్న డిస్క్ సీరియల్ నంబర్ కాగితం మీద రాసుకోండి, ఆ నంబరు స్టిక్కర్ ఉన్న డిస్క్ జోలికి పోకండి. లినక్స్‌లో రెయిడ్‌ని నడిపే ఎండీఆడమ్ కమాండ్‌లో పాడైన డిస్క్‌కి ఫెయిల్, తర్వాత రిమూవ్ ఇచ్చాకే సిస్టం ఆపి స్క్రూలు విప్పండి.

బతికున్న డిస్క్ పార్టిషన్లను (డిస్క్‌ను విడదీసిన భాగాలను) కొత్తదాని మీదికి కాపీ చేసేటప్పుడు మరీ జాగ్రత్త. పార్టిషన్లు చేసే ఎస్‌జీడిస్క్ కమాండ్‌లో క్యాపిటల్ ఆర్ పక్కన కొత్త డిస్క్ పేరు, చివర బతికున్నదాని పేరు రాయాలి. తిరగేసి రాస్తే మంచి డిస్క్ పార్టిషన్ టేబుల్ తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తర్వాత క్యాపిటల్ జీతో కొత్తదానికి వేరే ఐడీలు ఇవ్వండి.

ఎండీఆడమ్‌లో కొత్త డిస్క్‌కి యాడ్ కొట్టగానే సైజు చాలదని అంటే టెన్షన్ పడకండి. పెట్టె మీద 4 టీబీ అనే ఉన్నా, కొన్ని డిస్కులు కాస్త చిన్నవిగా వస్తాయి. కొంచెం పెద్దది తెచ్చుకోవడమే మేలు. ఇంతకుముందు వేరే రెయిడ్‌లో వాడిన డిస్క్ అయితే పాత సూపర్‌బ్లాక్ (ఆ రెయిడ్ వివరాలు రాసి ఉండే చోటు) చెరిపేయాలి. రెయిడ్ పరిస్థితి చూపే ఎండీస్టాట్‌లో ఆటో రీడ్ ఓన్లీ (చదవడమే, రాయడం లేదు) అని ఉండి రీబిల్డ్ కదలకపోతే రీడ్‌రైట్ ఆప్షన్ ఇవ్వండి, మొదలవుతుంది. ఏది కుదరకపోయినా రెయిడ్‌ని కొత్తగా తయారుచేసే క్రియేట్ కమాండ్ మాత్రం వాడొద్దు. డిస్కుల వరుస గానీ సైజు గానీ తప్పితే ఉన్న డేటా మీదే దెబ్బ పడుతుంది.

రీబిల్డ్‌కి గంటలు పడుతుంది. యూపీఎస్ మీదే నడపండి. ఎండీస్టాట్‌లో యూ పక్కన అండర్‌స్కోర్ పోయి రెండు యూలు కనిపిస్తే డేటా వరకు పని అయినట్టే. సిస్టం కూడా ఇవే డిస్కుల నుంచి బూట్ అవుతుంటే కొత్తదాని మీద గ్రబ్ (సిస్టంని మొదలుపెట్టే బూట్‌లోడర్) విడిగా వేయాలి. రెయిడ్ బయట ఉండే బూట్‌లోడర్‌ని రెయిడ్ కాపీ చేయదు.