రివెట్ గన్ పట్టే ముందు

గ్యారేజీలో ఆర్‌వీ-7 లాంటి కిట్ విమానం కట్టుకుంటున్నవాళ్లకు రెక్క రేకులు బిగించే రోజు వచ్చిందంటే ఒకటే తొందర. ఆ తొందర రివెట్లను గాలి ఒత్తిడితో కొట్టే గన్ దాకా రానివ్వకండి. రివెట్, అంటే రేకులను కలిపి బిగించే చిన్న లోహపు మేకు, పాడవడానికి సగం కారణాలు ట్రిగ్గర్ నొక్కకముందే ఉంటాయి.

ముందు బెజ్జాలు చూసుకోండి. 1/8 అంగుళం రివెట్‌కు 30 నంబరు, 3/32కు 40 నంబరు డ్రిల్ బిట్ వాడాలి. డ్రిల్ చేశాక అంచున లేచిన గరుకును రెండు వైపులా తీసేయాలి. అలాగని ఎక్కువ గీకితే రేకు పలచబడుతుంది. రివెట్ తల రేకుతో సమంగా కూర్చునేలా బెజ్జం చుట్టూ గుంటలా నొక్కడాన్ని డింపుల్ అంటారు. డింపుల్ వేశాక ఒక్కో బెజ్జం అంచునూ లైటు పెట్టి చూడండి. 2023లో ఈ ఆర్‌వీ కిట్లు తయారుచేసే వ్యాన్స్ కంపెనీ లేజర్‌తో కోసిన కొన్ని భాగాల్లో డింపుల్ దగ్గర పగుళ్లు కనిపించాయి, కాబట్టి ఇది వదిలేసే పని కాదు.

గన్ ప్రెషర్ సెట్ చేసుకోవడానికి విమానం రేకు వాడొద్దు. అంతే మందం ఉన్న పాత ముక్కల మీద కొట్టి చూడండి. ప్రెషర్ మరీ తక్కువైతే ఎక్కువసేపు కొట్టాల్సొస్తుంది, రివెట్ గట్టిపడి పగులుతుంది. గన్ ముందు ఉండి రివెట్‌ను కొట్టే ముక్కను సెట్ అంటారు. దాన్ని పట్టి ఉంచే స్ప్రింగ్ బిగించకుండా గాల్లో ట్రిగ్గర్ నొక్కితే ఆ సెట్ తూటాలా ఎగిరిపోతుంది. చెవులకు ప్లగ్గులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

ఇద్దరూ కలిసి కొట్టేటప్పుడు మాట ముఖ్యం. రివెట్ వెనక బకింగ్ బార్ (దెబ్బకు ఆనించే బరువైన లోహపు ముక్క) పట్టుకున్నవాళ్లు "రెడీ" అనేదాకా గన్ మోగకూడదు. గన్ ఆగేదాకా బార్ కదలకూడదు. వెనక బార్ లేకుండా ఒక్క దెబ్బ పడినా రేకు సొట్టపోతుంది.

బార్ వైపు రివెట్ చివర నలిగి ఏర్పడే లోపలి తల వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు రివెట్ మందంలో సగం రావాలి. అంటే 1/8 రివెట్‌కు 3/16 వెడల్పు, 1/16 ఎత్తు. కొంచెం తేడా వచ్చిందని వెంటనే తీసేయకండి. కాస్త వంకరగా ఉన్న రివెట్ కంటే దాన్ని తీయబోయి పెద్దది చేసిన బెజ్జమే ఎక్కువ ప్రమాదం. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

తీయక తప్పదంటే, ఏడీ రివెట్ (విమానాల్లో మామూలుగా వాడే అల్యూమినియం మిశ్రమ రకం) తల మధ్యలో చిన్న గుంట ఉంటుంది, బిట్‌ను అక్కడ నిలబెట్టండి. బెజ్జం కంటే ఒక నంబరు సన్న బిట్‌తో తల లోతు వరకే డ్రిల్ చేసి, పంచ్‌తో తలను విరిచేయండి. వెనక ఆసరా పెట్టి మిగతాది నెమ్మదిగా తట్టి తీయండి. బెజ్జం పెద్దదైతే పై సైజు రివెట్ వేయొచ్చు, కానీ బెజ్జం మధ్య నుంచి రేకు అంచుకు ఆ కొత్త రివెట్ మందానికి కనీసం రెండింతల దూరం మిగలాలి.

అమెరికాలో ఉన్నవాళ్లు ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) టెక్నికల్ కౌన్సెలర్‌ను పిలవండి, ఉచితంగానే వచ్చి చూస్తారు. రెక్క మూసేశాక లోపలి తలలు చాలావరకు కంటికి కనపడవు, అంతకు ముందే పిలవాలి.