పాట కుదరడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా వెతకండి

కొత్తగా పాటలు రాస్తున్నవాళ్ళు ఎవరైనా నా దగ్గరికి కాగితం తెస్తే, ముందు పాడమంటాను. గొంతు బాగోలేదని సిగ్గుపడతారు. గొంతుతో పని లేదు, రాగం లేకుండా తాళానికి చదివినా చాలు. చదవగానే ఎక్కడో ఒకచోట నాలుక తడబడుతుంది. పాటకి జబ్బు ఉన్నది అక్కడే. కాగితం మీద చూస్తే ఎంత వెతికినా అది కనపడదు. అందుకే కింద రాసినవన్నీ నోటితో పరీక్షించుకుంటూ చదవండి.

"ట్యూన్‌లో మాటలు పట్టడం లేదు"

అందరూ మొదట చెప్పే సమస్య ఇదే. ఒక లైను సరిపోతుంది, తర్వాతి లైను పొడుగైపోతుంది. అక్షరాలు లెక్కపెట్టి చూస్తే రెండింటిలోనూ ఇంచుమించు సమానమే ఉంటాయి. మరి ఎందుకు పట్టడం లేదు?

ఎందుకంటే లెక్క అక్షరాలది కాదు, మాత్రలది. స్కూల్లో ఛందస్సు పాఠంలో చదివిన లఘువు, గురువు ఇక్కడ పనికొస్తాయి. పొట్టి అక్షరం లఘువు, అది పలికే సమయం 1 మాత్ర. దీర్ఘం ఉన్నా, సున్న ఉన్నా, పొల్లు ఉన్నా, తర్వాత ఒత్తు అక్షరం ఉన్నా అది గురువు, 2 మాత్రలు. గణాల పేర్లు గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, ఇంతే చాలు.

ట్యూన్‌ని ఫోన్‌లో పెట్టుకుని వింటూ "తాన తనన" భాషలో రాసుకోండి. పొట్టిగా పలికేచోట త లేదా న, సాగేచోట తా లేదా నా. ఉదాహరణకి ట్యూన్ ఇలా ఉందనుకుందాం:

తానన తననా తానన తానా

ఒక్కో ముక్క 4 మాత్రలు, మొత్తం 16. దీనికి "వానలు కురిసే వేళల నాతో" అని రాస్తే అచ్చంగా కూర్చుంటుంది. అదే అర్థం వచ్చేలా "వర్షం పడుతున్న సమయంలో నాతో" అని రాసి చూడండి. వర్షం 4, పడుతున్న 5, సమయంలో 6, నాతో 4. మొత్తం 19. ఆ 3 మాత్రల్ని సింగర్ ఎక్కడో మింగాలి. మింగినప్పుడు వినేవాళ్ళకి మాట అర్థం కాదు.

ట్యూన్ లేకుండా ముందు మాటలే రాస్తున్నారా? అప్పుడు నడక, అంటే లైను ఎన్నేసి మాత్రల ముక్కలుగా సాగాలో, మీరే ఎంచుకోవాలి. ఒక నడకలో మొదలుపెట్టి తెలియకుండా ఇంకో నడకలోకి జారిపోవడం వల్లే చాలా పాటలు కుంటుతాయి. మన పాటల్లో ఎక్కువగా వినపడే నడకలు నాలుగు. మూడు మాత్రల నడక, తకిట: "చెరువు గట్టు మీద కొంగ". నాలుగు మాత్రలది, తకధిమి: పైన చూసిన వాన లైను. అయిదు మాత్రలది, తకతకిట: "ఊరిలో జాతరకి వస్తావ మరదలా". ఏడు మాత్రలది, తకిట తకధిమి: "చేను దాటిన కాలి బాటన". గురజాడ ముత్యాలసరం నడిచేది ఈ ఏడు మాత్రల నడకలోనే.

ఈ నాలుగు లైన్లనీ చేత్తో తొడ మీద తడుతూ గట్టిగా చదవండి. పదిసార్లు చదివితే తేడా ఒంటికి తెలిసిపోతుంది. ఆ తర్వాత లెక్కపెట్టాల్సిన అవసరం తగ్గుతుంది.

"లెక్క సరిపోయింది, కానీ పాడితే వేరే మాటలా వినపడుతోంది"

నేను రాసిన మొదటి పాట రికార్డింగ్‌లో ఇదే జరిగింది. "నా మదిలో" అని రాశాను. ఆ చోట ట్యూన్ "తా తానతా" అని సాగుతుంది, అక్షరాలు సరిపోయాయి కానీ "మ" దగ్గర ఒక మాత్ర ఎక్కువ సాగాలి. సింగర్ రెండుసార్లు పాడి ఆగి, "నా మాదిలో అని వినపడుతోందండీ, పర్లేదా?" అని అడిగింది. మద్దెల మోతలో ఎవరికి తెలుస్తుందిలే అని అక్కడున్నవాళ్ళు అన్నారు. నాకు మనసొప్పలేదు. పావుగంట బయట నిలబడి "నా లోపలే" అని మార్చుకొచ్చాను.

తెలుగులో అచ్చు సాగితే అర్థం మారిపోతుంది. కల సాగితే కాల, వన సాగితే వాన, మది సాగితే మాది. కాబట్టి ట్యూన్‌లో స్వరం సాగేచోట దీర్ఘం ఉన్న అక్షరమే పడాలి. దీర్ఘాన్ని ఇంకాస్త సాగదీసినా చెవి ఒప్పుకుంటుంది, పొట్టి అక్షరాన్ని సాగదీస్తే ఒప్పుకోదు.

ఇందులో ఒక మెలిక ఉంది, ఇది మాత్రం బాగా గుర్తుంచుకోండి. "అమ్మ"లో అ గురువే, 2 మాత్రలే. కానీ దాన్ని సాగదీయలేం, సాగదీస్తే "ఆమ్మ" అవుతుంది. ఒత్తు వల్ల, సున్న వల్ల గురువైన అక్షరం లెక్కకి సరిపోతుంది తప్ప ఆలాపనకి నిలబడదు. రెండు మూడు తాళం దెబ్బలు సాగే స్వరం ఉంటే అక్కడ ఆ, ఏ, ఓ లాంటి నిజమైన దీర్ఘం వేయండి.

పై స్థాయిలో ఆగే స్వరానికి సున్నతో ముగిసే మాట కూడా ఇబ్బందే. "నీ కోసం" అని పైన ఆపితే చివర్లో పెదాలు మూసుకుపోతాయి, గొంతు లోపలే ఆగిపోతుంది. "నీ కొరకే" అంటే మాత్రలు అవే, నోరు తెరిచి ఉంటుంది, సింగర్ ఎంతసేపైనా నిలబెట్టగలరు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. పాటకి ఇంత అనువైన భాష చేతిలో ఉండగా పైస్వరం మీద సున్న పెట్టుకోవడం ఎందుకు?

ఇదే సమస్యకి ఇంకో కారణం, మాట విరిగే చోటు. ట్యూన్ 2, 4 అని విరిగేచోట "మనసంతా" రాశారనుకోండి. పాడితే "మన... సంతా" అవుతుంది. మీరు ప్రేమ గురించి రాస్తే, వినేవాళ్ళకి ఊళ్ళో సంత గుర్తొస్తుంది. అక్కడ "మది నిండా" అని పెట్టండి. అదే 2, అదే 4, ట్యూన్ విరిగేచోటే మాటా విరుగుతుంది. ట్యూన్ విన్నప్పుడే ఊపిరి తీసుకునే చోట్ల గీత గీసుకోండి. ఆ గీత ఏ మాటనీ మధ్యలో కోయకూడదు.

"రాసిందంతా ఎక్కడో విన్నట్టే ఉంది"

వెన్నెల, జాబిలి, సిరిమల్లె, గుండె చప్పుడు, కంటిపాప. ఈ మాటల్లో తప్పేమీ లేదు. మనం వేల పాటలు విని పెరిగాం కాబట్టి పెన్ను పట్టుకోగానే ముందుగా వచ్చేవి అవే. పాటల్లోంచి పాట రాస్తున్నామని దీని అర్థం. మనుషుల్లోంచి రాయాలి.

ఒక కుర్రాడు అమ్మ మీద పాట రాసుకొచ్చాడు. దేవత, త్యాగం, తీరని రుణం అన్నీ ఉన్నాయి, వాళ్ళ అమ్మ మాత్రం లేదు. "రాత్రి నువ్వు ఇంటికి లేటుగా వెళ్తే అమ్మ ఏం చేస్తుంది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నేను వచ్చేదాకా వాకిట్లో లైటు తీయదు సర్, వచ్చాక ఏమీ అడగదు" అన్నాడు. ఆ మాటనే నాలుగు మాత్రల నడకలో పెట్టమన్నాను. ఇద్దరం కలిసి ఇలా తెచ్చాం ("లైటు", "అమ్మ" 3 మాత్రలే, అక్కడ ఆగే చిన్న విరామం నాలుగోది):

వచ్చేదాకా వాకిట లైటు
ఆర్పదు అమ్మ, అడగదు ఏమీ

ఇందులో దేవత అన్న మాట లేదు. ఆ అవసరం కూడా రాలేదు. "లైటు" ఇంగ్లీషు మాట కదా, "దీపం" పెడదామా అని అడిగాడు. వద్దన్నాను. వాళ్ళ అమ్మ లైటే అంటుంది.

మీరూ ఇలాగే చేయండి. పాట మొదలుపెట్టే ముందు ఎవరు పాడుతున్నారు, ఎవరితో, ఎక్కడ, ఏ పూట, అంతకు ముందు ఏం జరిగింది అన్నవి ఒక కాగితం మీద మామూలు మాటల్లో రాసుకోండి. ఆ చోట కళ్ళకి కనపడే వస్తువులు పది రాయండి. అందులో రెండైనా పాటలోకి రావాలి. వెన్నెల కూడా రావచ్చు, కానీ ఆ మనిషి ఆ రాత్రి నిజంగా దాన్ని చూస్తూ ఉంటేనే.

"ప్రాస కోసం అర్థం చెడిపోతోంది"

తెలుగు వాక్యం చివర క్రియ వస్తుంది. అందుకే అంత్యప్రాస మనకి మరీ సులువుగా దొరుకుతుంది: వచ్చావులే, చూశావులే, వెళ్ళావులే. అది నిజానికి ప్రాస కాదు, ఒకే ప్రత్యయాన్ని మళ్ళీ మళ్ళీ వాడటం. నాలుగు లైన్లయ్యేసరికి చెవికి విసుగొస్తుంది, పైగా ఆ ప్రత్యయం కోసం వాక్యాన్ని వంకర తిప్పాల్సి వస్తుంది.

ముందు మీ పాటలో "లే", "గా", "మరి" ఎన్నున్నాయో గీత కొట్టి చూడండి. మాత్రలు నింపడానికే వచ్చినవి ఏవో మీకే తెలుస్తుంది. తర్వాత క్రియని వాక్యం మధ్యలోకి తెచ్చి, చివర నామవాచకం పెట్టి చూడండి.

ఇంకో దారి కూడా ఉంది, నాకు దీని మీదే ఇష్టం ఎక్కువ. చివర కాకుండా మొదట్లో కలపడం. మన పద్యాల్లో ప్రాస అంటే రెండో అక్షరం కలవడమే.

గూటికి చేరే గువ్వలు చూసి
ఏటికి చెప్పా ఎదలో మాట

గూటికి, ఏటికి: రెండో అక్షరం కలిసింది. గూటికి, గువ్వలు ఒక జత. ఏటికి, ఎదలో ఇంకో జత. లైను మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరడం కాబట్టి ఇది పద్యంలో యతిలా పనిచేస్తుంది. చివర "చూసి", "మాట" కలవకపోయినా చెవికి లోటు తెలియదు. పైగా వాక్యం చివర ఏం రావాలో నిర్ణయించే స్వేచ్ఛ మీకే ఉంటుంది.

"పల్లవి బాగా వచ్చింది, చరణం కదలడం లేదు"

చెప్పాల్సిందంతా పల్లవిలోనే చెప్పేసి ఉంటారు. ఇక చరణంలో అదే మాటని వేరే ఉపమానాలతో తిప్పడం తప్ప పని ఉండదు. పల్లవిని ఒక మాట ఇవ్వడం అనుకోండి, చరణం ఆ మాటకి సాక్ష్యం చెప్పాలి. "నువ్వు లేక ఊరు ఊరులా లేదు" అన్నది పల్లవి అయితే, మొదటి చరణంలో ఒక పొద్దున ఏం జరిగిందో చెప్పండి. రెండో చరణంలో కాలం మార్చండి, చోటు మార్చండి, లేదా పాడే మనిషి మనసు మార్చండి.

చరణం చివరి లైను పల్లవిలోకి వాక్యంలా అతుక్కోవాలి. కీర్తనలు పాడేవాళ్ళకి ఇది అలవాటే, చరణం అయ్యాక పల్లవి అందుకుంటే అర్థం తెగకూడదు. చరణం ఆఖరి లైనునీ పల్లవి మొదటి లైనునీ పక్కపక్కన రాసి ఒకే వాక్యంగా చదవండి. తెగితే ఆఖరి లైను మార్చండి, పల్లవి జోలికి వెళ్ళొద్దు.

జానపదంలో అయితే ఈ బరువు తక్కువ. బతుకమ్మ పాటల్లో "ఉయ్యాలో" అని అందరూ అందుకునేసరికి, ముందు పాడే ఆమెకి తర్వాతి లైను గుర్తు చేసుకునే వ్యవధి దొరుకుతుంది. కథ ఎంత పొడుగున్నా సాగిపోతుంది. కథ చెప్పాలని ఉంటే అలాంటి పల్లవి పదం ఒకటి తయారుచేసుకోండి, చాలా సాయపడుతుంది.

"పాత్రకి మాటలు నప్పడం లేదు"

ఆటో నడిపే మనిషి "హృదయ కుసుమం" అనడు. యాస కలిపితే పాటంతా ఒకే యాస ఉండాలి, మీది కాని యాస అయితే ఆ ప్రాంతం వాళ్ళ చేత చదివించండి. వేగం పాటల్లో "ఉత్కంఠ", "స్వచ్ఛత" లాంటి మాటలు నాలుకకి అడ్డం పడతాయి, వాటిని నెమ్మది పాటలకి దాచుకోండి.

"మొదలుపెట్టినవన్నీ సగంలో ఆగిపోతున్నాయి"

మొదటి లైను అద్భుతంగా ఉంటే తప్ప రెండోది రాయకపోవడం దీనికి కారణం. అది మానేయండి. సంగీత దర్శకులు ట్యూన్ ఇచ్చేటప్పుడు ఏవో డమ్మీ మాటలు పాడి ఇస్తుంటారు. మీరూ అలాగే అర్థం ఉన్నా లేకపోయినా పాట చివరిదాకా డమ్మీ మాటలతో నింపేయండి. అప్పుడు పాట పొడుగు, బరువు ఎక్కడ పడాలో తెలుస్తుంది. ఆ తర్వాత ఒక్కో లైనూ మార్చుకుంటూ రండి. కొన్నిసార్లు డమ్మీ మాటే అసలు మాటగా మిగిలిపోతుంది, భయపడకండి.

"పాట ఇచ్చాను, నా పేరు వేయలేదు"

ఒక షార్ట్ ఫిల్మ్‌కి పాట రాసిచ్చి, విడుదలయ్యాక టైటిల్స్‌లో నా పేరు కోసం మూడుసార్లు వెతికిన రోజు నాకింకా గుర్తుంది. నోటి మాట మీద ఇచ్చాను, చూపించడానికి ఒక్క కాగితం కూడా లేదు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాటలో మాటలు సాహిత్య రచన, బాణీ సంగీత రచన, రెండింటి హక్కులూ వేరు. రిజిస్టర్ చేయకపోయినా రాసినప్పుడే హక్కు వస్తుంది. రాసినవాళ్ళు బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. 2012 సవరణ తర్వాత, సినిమాకి రాసిన పాటైనా థియేటర్లో సినిమాతో పాటు వినిపించేది కాక మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో రచయితకి వాటా ఉంది. ఆ వాటా హక్కుని నిర్మాతకి రాసిచ్చేయడానికి వీల్లేదు, వారసులకో కాపీరైట్ సొసైటీకో మాత్రమే ఇవ్వొచ్చు. రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే అలాంటి సొసైటీ ఐపీఆర్‌ఎస్ 1969 నుంచి ఉంది, పాటలు బయటికొచ్చాక సభ్యత్వం గురించి కనుక్కోండి. స్నేహితుడి కోసమే రాసినా, సాహిత్యాన్ని ముందు మెయిల్‌లో పంపండి. పేరు ఎలా వేయాలో, డబ్బెంతో అందులోనే రెండు లైన్లు రాసి, "సరే" అని జవాబు తెప్పించుకోండి.

"బాగుందో లేదో నాకే తెలియడం లేదు"

రెండు రోజులు కాగితం ముట్టుకోకండి. మూడో రోజు చూడకుండా పాడండి. ఎక్కడ మర్చిపోయారో ఆ లైను బలంగా లేదు. తర్వాత మీ పాట ఎప్పుడూ వినని మనిషికి ట్యూన్ నేర్పి, కాగితం చేతికిచ్చి పాడమనండి. మీరు మధ్యలో అందించొద్దు, సరిదిద్దొద్దు. వాళ్ళు ఆగిన చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టుకోండి. ఇంటికొచ్చి ఆ చుక్కల దగ్గర్నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టండి.