మేక చెవి అంచున బొచ్చు ఊడుతోందా? గ్లూని తిట్టే ముందు ఇది చూడండి

ముందే చెప్పేస్తున్నానండి, జింకో దుప్పో తెచ్చి తలకాయ మౌంట్ చెయ్యమంటే (అంటే చచ్చిన జంతువు తోలు ఒలిచి, పదును చేసి, గోడకి తగిలించే బొమ్మలా నిలబెట్టడం) నేను చెయ్యను, 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు. నేను చేసేవి ఇంట్లో పెంచుకున్న మేకపోతులు, పొట్టేళ్ళు. అయినా చెవి దగ్గరకొచ్చేసరికి జింకకైనా మేకకైనా తంటా ఒకటే, బయటి తోలు, లోపలి తోలు, మధ్యలో అట్టముక్కలాంటి మెత్తటి ఎముక. తోలు ఒలవడం, ఉప్పు పట్టించడం మీకొచ్చనుకునే రాస్తున్నా.

సమస్య: చెవి కొసన బొచ్చు కుచ్చులు కుచ్చులుగా వచ్చేస్తోంది

వెంటనే అందరూ అనేది "గ్లూ మంచిది కాదండీ", లేకపోతే "టానింగ్ పౌడర్ (తోలు పదును చేసే పొడి) కల్తీ అండీ". కాదు బాబూ, మీరు చెవిని అంచుదాకా తిరగెయ్యలేదు. వెనక తోలుని ఎముక నుంచి విడదీస్తూ వస్తాం కదా, సగందాకా హాయిగా వస్తుంది, కొసకొచ్చేసరికి తోలు పల్చబడి ఎక్కడ చిరిగిపోద్దో అని చెయ్యి ఆగిపోద్ది. ఆ ఆగిన అర అంగుళంలోకి ఉప్పు వెళ్ళదు. అక్కడ తడి ఉండిపోయి, మన శ్రావణమాసం ఉక్కకి లోపల కుళ్ళు మొదలై బొచ్చు కుదుళ్ళు వదులైపోతాయి, పైకి మాత్రం నిక్షేపంలా ఉంటుంది.

నాకు దెబ్బ కొట్టింది ఒక జమునాపారి పోతు. ఆ జాతి చెవులు జానెడు పైనే వేలాడతాయి. రాజోలు వైపు నుంచి రొయ్యల ఐసు పెట్టెలో తెచ్చారు, ఐసంతా కరిగి తలకాయ నీళ్ళలో తేలుతోంది. చెవులు తిరగేశా, అయోడిన్ లేని సన్న ఉప్పు పట్టించా, మర్నాడు తడి ఉప్పు దులిపి కొత్తది పట్టించా, అంతా పద్ధతిగానే. తీరా పికిల్ తొట్టిలోంచి (తోలు నానబెట్టే ఉప్పు, యాసిడ్ కలిపిన నీళ్ళు) తీసి బొటనవేలితో రుద్దితే ఎడమ చెవి కొసన రూపాయి బిళ్ళంత గుండు! ఐసు నీళ్ళని తిట్టుకున్నా (వాటి పాపం కూడా ఉంది, తలకాయని కవర్లో చుట్టకుండా ఐసులో పెట్టకండి), ఉప్పుని తిట్టుకున్నా. తర్వాత రెండు పొట్టేళ్ళకి కూడా సరిగ్గా అదే చోట ఊడాక, ఓ పాడైన చెవి కోసి చూస్తే కొసన తెరుచుకోని జేబు.

అందుకని తిరగేశాక లోపల ఫోన్ టార్చ్ పెట్టి చూడండి. అంచుదాకా వెలుగు ఒకేలా రావాలి, చుట్టూ నల్లటి పట్టీ కనపడిందంటే అక్కడ ఇంకా విడలేదని. మొద్దు స్పూను కాడతో కొంచెం కొంచెం తోసుకెళ్ళండి, కత్తి వద్దు. అసలు తలకాయ చేతికి రాగానే చెవి అంచున చిటికెడు బొచ్చు పట్టుకుని మెల్లగా లాగి చూడాలి, అర నిమిషం పని, ఎవరూ చెయ్యరు. ఊడొస్తే ఓనరుకి అప్పుడే చెప్పెయ్యండి, తర్వాత చెబితే తప్పు మీదే అవుద్ది.

ఇప్పటికే ఊడిందా, అది మళ్ళీ అతకదు. ఇంక నానబెట్టడం ఆపి, స్పిరిట్‌తో తుడిచి, ఉప్పు పట్టించి మిగిలింది కాపాడుకోండి. మౌంట్ పూర్తిగా ఆరాక అదే జంతువు మెడ దగ్గర బొచ్చు కొంచెం కత్తిరించి, పల్చగా గ్లూ రాసి ట్వీజర్‌తో అతకాలి. తాటాకిల్లు చూరు నుంచి కప్పుకొస్తారు చూడండి, అలా కొస నుంచి మొదలెట్టి మొదలు వైపుకి రావాలి, తిరగబడితే అతుకు తెలిసిపోద్ది. సగానికి పైగా బోడైతే వేరే మేక చెవి మొదలంటా తెచ్చి కుట్టడమే.

సమస్య: చెవి చిరిగింది

లోపలి వైపు నుంచి, లైనర్ (మెత్తటి ఎముక బదులు చెవిలో దూర్చే ప్లాస్టిక్ అచ్చు) పెట్టకముందే, దగ్గర దగ్గర కుట్లు వెయ్యండి. బతికున్నప్పటి పాత గాటు అయితే ముట్టుకోకండి, నేనొకసారి నీట్‌గా పూడిస్తే "ఇది మా పోతు కాదండీ" అన్నారు.

సమస్య: ఆరాక తోలు లైనర్ మీంచి ఉబ్బింది

ప్లాస్టిక్ లైనర్‌ని గరుకు కాగితంతో రుద్దలేదు, లేదా తోలుకి కొవ్వు మిగిలింది. తడిగుడ్డ వేసి మెత్తబరిచి, సిరంజితో గ్లూ ఎక్కించి, రెండు అట్టముక్కల మధ్య క్లిప్పులు పెట్టండి. చెవి ముడుచుకుపోతుంటే కూడా అట్టలూ క్లిప్పులే, ఫ్యాను మాత్రం నేరుగా పెట్టకండి.

పురుగు తినడం, గజ్జి మచ్చలు లాంటివి నాకు ఎప్పుడో గానీ తగల్లేదు, ముందు టార్చ్ వేసి చూడండి.