గోడకి పెద్ద కన్నం నీట్‌గా పెట్టడం ఎలా? పనోళ్ళు పాటించే చిట్కాలు

ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కో పైపుకో గోడకి కన్నం పెట్టాలంటే చాలామంది సుత్తి, ఉలి తీసుకుని మొదలెట్టేస్తారు, చివరికి అడుగు వెడల్పు గొయ్యి పడుతుంది, దాన్ని మళ్ళీ సిమెంట్‌తో పూడ్చుకోవాలి. డైమండ్ కోర్ బిట్, అంటే అంచుకి డైమండ్ పళ్ళున్న గొట్టం లాంటి డ్రిల్ బిట్ వాడితే ఆ గొడవే ఉండదు. కొనక్కర్లేదు, డ్రిల్ మెషిన్‌తో పాటు అద్దెకి తెచ్చుకోండి. 110 ఎంఎం పైపుకి 117 ఎంఎం బిట్ సరిపోతుంది.

ముందు చోటు చూస్కోండి. పిల్లర్, బీమ్ జోలికి అస్సలు వెళ్ళొద్దు. స్విచ్‌బోర్డుకి నిటారుగా పైనా కిందా వైర్లు ఉంటాయి, నీళ్ళ పైపులు ఎటు పోతున్నాయో కూడా తెలుసుకోవాలి.

తర్వాత సెంటర్ మార్క్ చేసి, పొడవాటి సన్న బిట్‌తో గోడ అవతలికి వచ్చేదాకా కన్నం వెయ్యండి. బయటివైపుకి కాస్త వాటం ఇవ్వాలి, లేకపోతే వాన నీళ్ళు లోపలికొస్తాయి. ఈ సన్న కన్నం వల్ల రెండు వైపులా సెంటర్ ఒక్కటే అవుతుంది, అంటే సగం లోపల్నుంచి సగం బయట్నుంచి కోసుకోవచ్చు. ఒకే వైపు నుంచి మొత్తం లాగిస్తే అవతల ప్లాస్టరింగ్ పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది.

ఇప్పుడు కోర్ బిట్ ఎక్కించి హ్యామర్ మోడ్ (తిరుగుతూనే సుత్తిలా కొట్టేది) ఆపెయ్యండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. డైమండ్ బిట్ అరగదీస్తూ కోస్తుంది, కొట్టదు, హ్యామర్ పెడితే అంచుకున్న పళ్ళు ఊడొస్తాయి. స్పీడు తక్కువలో పెట్టి మెల్లగా మొదలెట్టండి, సెంటీమీటరు గాడి పడ్డాక మధ్యలో సన్న కన్నంలోకి దూరే గైడ్ రాడ్ తీసేసినా బిట్ ఆ గాడిలోనే తిరుగుతుంది. బలంగా తొయ్యడం దండగ. మధ్యమధ్యలో బిట్ బయటికి లాగితే దుమ్ము రాలిపోతుంది. దుమ్ము రావడం తగ్గి బిట్ ఊరికే తిరుగుతుంటే డైమండ్ మూసుకుపోయిందని లెక్క, మెత్తటి ఇటుకలో కాసేపు తిప్పితే మళ్ళీ కోస్తుంది.

బిట్ ఎక్కడన్నా పట్టేసిందంటే మెషినే గిర్రున తిరిగి మణికట్టు విరిచేస్తుంది. అందుకే క్లచ్ (బిట్ పట్టేస్తే తిప్పడం ఆపేసేది) ఉన్న మెషినే తీసుకోండి, సైడ్ హ్యాండిల్ తప్పనిసరి, నిచ్చెన మీద నిలబడి మాత్రం చెయ్యకండి. ఇటుక, సిమెంట్ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి కర్చీఫ్ కట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్క్, కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

లోపల మిగిలిన ముక్కని పక్కన ఉలి పెట్టి కదిపితే విరిగి వచ్చేస్తుంది. బిట్‌లోనే ఇరుక్కుంటే దాన్ని సుత్తితో బాదకండి, సొట్ట పడితే ఇంక గుండ్రంగా తిరగదు.

కోర్ బిట్ దొరక్కపోతే గుండ్రంగా గీత గీసి, దాని మీద 10 ఎంఎం బిట్‌తో దగ్గర దగ్గరగా కన్నాలు వేసి మధ్యలో మిగిలింది ఉలితో కొట్టెయ్యండి. టైమ్ ఎక్కువ పడుతుంది, అంచు కూడా అంత నున్నగా రాదు, అయినా పైపు పెట్టి చుట్టూ సిమెంట్ పూస్తాం కాబట్టి బయటికి కనపడదు.