బీటా బ్లాకర్ వాడేటప్పుడు నాడినీ ఊపిరినీ గమనించడం ఎలా

అటెనొలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్... చీటీలో ఈ ‘లాల్’ కుటుంబం కనబడితే అది బీటా బ్లాకర్. ఆస్తమా ఇన్హేలర్‌లో ఉండే సాల్బ్యుటమాల్ పేరు వినడానికి వీటి చుట్టంలా ఉన్నా, చేసే పని సరిగ్గా తిరగబడి ఉంటుంది.

అడ్రినలిన్ (ఒత్తిడిలో శరీరం విడుదల చేసే హార్మోన్) వచ్చి అంటుకునే రిసెప్టర్లు, అంటే కణాల మీది గ్రాహకాలు, గుండెలో ఎక్కువగా బీటా-1 రకానివి, శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరంలో బీటా-2 రకానివి. రెండు చోట్లా కణం లోపల పెరిగేది సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనమే. గుండెలో అది కాల్షియం రాకను పెంచి కొట్టుకునే వేగాన్నీ బలాన్నీ పెంచుతుంది. శ్వాసనాళంలో మాత్రం కండరాన్ని వదులు చేస్తుంది. బీటా బ్లాకర్ ఆ రిసెప్టర్లలో కూర్చుని అడ్రినలిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. దాంతో గుండె నెమ్మదిస్తుంది, దానికి కావలసిన ఆక్సిజన్ తగ్గుతుంది. రెండు దెబ్బల మధ్య విరామం పెరుగుతుంది. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది ఆ విరామంలోనే కాబట్టి యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పి) ఉన్నవారికి ఇది రెండింతల మేలు.

ఊపిరితిత్తులు బాగున్నవారికి బీటా-2 మూసుకుపోయినా పెద్దగా తెలియదు. ఆస్తమా ఉన్నవారి సంగతి వేరు. వేగస్ అనే నరం వారి శ్వాసనాళాలను బిగిస్తుంటే, ఎదురు నిలిచేది ముఖ్యంగా బీటా-2. అది పోతే పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి. ప్రొప్రనొలాల్ రెండు రకాలనూ అడ్డుకుంటుంది. అందుకే వేదికెక్కే ముందు దడ తగ్గడానికనో, మైగ్రేన్‌కనో ఇంకొకరి దగ్గర తీసుకున్న ఒక్క మాత్ర కూడా ఆస్తమా రోగికి ప్రాణాపాయం కావచ్చు. అప్పుడు సాల్బ్యుటమాల్ పీల్చినా అది అంటుకోవలసిన చోటు ముందే నిండి ఉంటుంది. అత్యవసర విభాగానికి వెళ్లగానే ఏ మాత్ర వేసుకున్నారో చెప్పండి. ఇప్రాట్రోపియం అనే పీల్చే మందు, వేగస్ నరం బిగింపును అడ్డుకుంటూ, వేరే దారిలో పనిచేస్తుంది కాబట్టి డాక్టర్లు దాన్నీ వాడతారు.

బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ లాంటివి బీటా-1 వైపు మొగ్గుతాయి. మొగ్గడమే, బీటా-2ను పూర్తిగా వదిలేయడం కాదు. డోసు పెరిగేకొద్దీ ఆ తేడా చెరిగిపోతుంది. సీఓపీడీ (ఎక్కువగా పొగ వల్ల వచ్చే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న గుండె రోగులు చాలామంది వీటిని తట్టుకోగలరు. ఆస్తమాలో మాత్రం డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇవీ వద్దు.

నాడి చూసే పద్ధతి: ఐదు నిమిషాలు కూర్చుని, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే దెబ్బ తప్పుతున్న గుండెలో లెక్క తప్పుతుంది. మందు మీద ఉన్నవారికి 55, 60 రావడం మామూలే. 50 కంటే తగ్గినా, కళ్లు తిరిగినా ఆ పూట మాత్ర వేసుకునే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి. స్పృహ తప్పితే ఫోన్లతో ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. గుండెను నెమ్మదింపజేసే మరో రకం మందులైన వెరాపమిల్ లేదా డిల్టియాజెమ్ కూడా వాడుతుంటే నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు.

గుండె వైఫల్యంలో కార్వెడిలాల్ సాధారణంగా 3.125 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, తిండితో పాటు మొదలవుతుంది. తట్టుకుంటే కనీసం రెండు వారాలకోసారి రెట్టింపు చేస్తారు. తొందరపడితే ఒంట్లో నీరు చేరుతుంది. రోజూ ఉదయం బరువు చూసుకుని, మూడు రోజుల్లో రెండు కిలోలు దాటి పెరిగితే చెప్పాలి.

చాలామంది చేసే తప్పు బీపీ బాగుందని మాత్ర ఒక్కసారిగా ఆపేయడం. మందు మూసి ఉంచిన కాలంలో శరీరం రిసెప్టర్ల సంఖ్య పెంచుకుంటుంది. ఆపగానే అడ్రినలిన్ వాటన్నిటి మీదా పడి దడ, ఛాతీనొప్పి, ఒక్కోసారి గుండెపోటు తెస్తుంది. డాక్టర్ చెప్పిన లెక్కలో ఒకటి, రెండు వారాలకు తగ్గకుండా మెల్లగా తగ్గించాలి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నమలకూడదు, నూరకూడదు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకు, దడ కనిపించకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గుర్తుగా పెట్టుకోండి.

గ్లకోమాకు (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బుకు) వేసే టిమొలాల్ చుక్కలూ బీటా బ్లాకరే, కానీ వాటిని ఎవరూ ఈ జాబితాలో లెక్కపెట్టరు. ఆ చుక్క కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి, కాలేయాన్ని దాటకుండానే రక్తంలో కలుస్తుంది. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు నొక్కి ఉంచితే లోపలికి పోయేది తగ్గుతుంది. అంత చేసినా ఆస్తమా ఉన్నవారికి ఈ చుక్కలు తగవు. కంటి డాక్టర్‌కు ఆస్తమా సంగతి, గుండె డాక్టర్‌కు కంటి చుక్కల సంగతి మీరే చెప్పాలి.