వయసు మళ్లిన కుక్కకు కొత్త ఆహారం: నా అనుభవం

మా కుక్కకు 11 ఏళ్లు నిండాక బరువు పెరిగి, మెట్లెక్కడానికి వెనుకాడుతుండటంతో, పశువైద్యుని సలహా మేరకు వయసు మళ్లిన కుక్కల కోసం తయారుచేసే ఆహారానికి మార్చాలనుకున్నాను. మొదటి రోజే పాతది పూర్తిగా మానిపించి కొత్తది పెట్టడం నేను చేసిన తప్పు. మర్నాడు తెల్లవారేసరికి విరేచనాలు పట్టుకున్నాయి. పేగుల్లోని సూక్ష్మజీవులు కొత్త పదార్థాలకు అలవాటుపడటానికి కొంత వ్యవధి కావాలని అప్పుడు గాని నాకు తెలియలేదు.

మలం గట్టిపడే వరకు పాత ఆహారమే పెట్టి, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో మార్చవచ్చంటారు గాని, దాని వయసును బట్టి నేను 16 రోజులు తీసుకున్నాను: తొలుత నాలుగో వంతు కొత్తది, ఆపై సగం, ఆపై ముప్పావు. సగం దగ్గర మలం కొంచెం మెత్తబడగా, కొత్తదాని వంతు పెంచకుండా అక్కడే ఆగాను.

అసలు చిక్కు వేరే వచ్చింది. అది పాత గుళికలను ఏరుకుని తిని, కొత్తవాటిని గిన్నె అంచున ఒక్కొక్కటిగా వదిలేసేది. మొండితనమనుకున్నాను (పాపం, నిందించాను కూడా). తీరా చూస్తే అది ఒక వైపే నములుతోంది. వైద్యునికి చూపిస్తే వెనుక పన్ను ఒకటి కదులుతోందన్నారు. ఆ పన్ను తీయించి, గుళికలపై గోరువెచ్చని నీళ్లు పోసి పది నిమిషాలు నానబెట్టి పెట్టాక, వాసనకే గిన్నె దగ్గరికి వచ్చింది. కొత్తదాని గుళికలు తేలిక గనుక కప్పుతో కొలవడం మానేసి, ఇప్పుడు తూకం వేసి పెడుతున్నాను.