బరువైన ట్రైలర్ లాగే ట్రక్కుకి వింటర్ టైర్లు: ముందు బరువు, తర్వాతే మంచు

వింటర్ టైర్ల మాట ఎత్తగానే అందరూ ట్రెడ్ (టైరులో నేలకి ఆనే భాగం) ఫోటోలు చూస్తారు. గాడులు ఎంత లోతున్నాయి, సన్నటి కోతలు ఎన్నున్నాయి, చూడ్డానికి ఎంత మొరటుగా ఉంది అని. ఖాళీగా తిరిగే బండికి ఆ చూపు చాలు. వెనక మూడు నాలుగు టన్నులు తగిలించుకుని వెళ్లే ట్రక్కుకి మాత్రం వరస మార్చాలి: ఆ బరువు మోయగల టైర్లు ఏవో ముందు తేల్చుకుని, ఆ మిగిలిన కొద్దిపాటి జాబితాలోంచి మంచు మీద బాగా పట్టేదాన్ని ఎంచుకోవాలి.

కాబట్టి మొదటి పని షాపుకి వెళ్లడం కాదు, డ్రైవర్ డోర్ తీసి పక్కనున్న స్టిక్కర్ చదవడం. అందులో టైరు సైజు, గాలి ఎంత పెట్టాలో, వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) ఎంత బరువు వరకు మోయొచ్చో (జీఏడబ్ల్యూఆర్ అని రాసుంటుంది) ఉంటాయి. మీరు కొనే రెండు వెనక టైర్లు కలిపి ఆ వెనక యాక్సిల్ అంకె కంటే ఎక్కువ మోయగలగాలి, అదీ కాస్త మిగులుతో.

ఇక్కడ చాలామంది తప్పే లెక్క ఒకటుంది. మామూలు బంపర్ హిచ్‌కి (ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే కొక్కానికి) తగిలించే ట్రైలర్ తన బరువులో దాదాపు 10 నుంచి 15 శాతం హిచ్ మీద మోపుతుంది, దాన్నే టంగ్ వెయిట్ అంటారు. 4,000 కిలోల ట్రైలర్ అయితే 500 కిలోలు అనుకుందాం. ఆ 500 వెనక యాక్సిల్ మీద పడుతుందిలే అనుకుంటే పొరపాటే, ఎందుకంటే హిచ్ బాల్ (ట్రైలర్ కూర్చునే గుండు) యాక్సిల్‌కి ఇంకా వెనక ఉంటుంది, అక్కడ కిందికి నొక్కితే ముందు వైపు పైకి లేస్తుంది. రెండు యాక్సిళ్ల మధ్య దూరం 3.7 మీటర్లు, బాల్ వెనక యాక్సిల్‌కి 1.25 మీటర్లు వెనక ఉందనుకోండి, వెనక యాక్సిల్ మీద సుమారు 670 కిలోలు పెరుగుతాయి, ముందు యాక్సిల్ మీద 170 దాకా తగ్గుతాయి. స్టీరింగ్ తిప్పేవి, బ్రేక్ వేసినప్పుడు ఎక్కువ పని చేసేవి ముందు టైర్లే, ఐస్ మీద వాటిపైనే బరువు తగ్గిపోతే ఇక చెప్పేదేముంది. అందుకే చలికాలంలో వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌ని (ఆ బరువులో కొంత తిరిగి ముందు యాక్సిల్ మీదికి పంపే హిచ్‌ని) సరిగ్గా బిగించుకోవడం టైర్లు కొనడమంత ముఖ్యం. ఫిఫ్త్ వీల్ రకం (ట్రక్కు తొట్టిలోనే తగిలించే) ట్రైలర్లలో ఈ ముందు లేచే ఇబ్బంది దాదాపు ఉండదు, బరువు నేరుగా యాక్సిల్ దగ్గరే దిగుతుంది. కాకపోతే అక్కడ దిగే భాగం ఎక్కువ, 15 నుంచి 25 శాతం దాకా, కనుక వెనక టైర్ల మీద భారమూ ఎక్కువే.

ఇప్పుడు సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, చదవడం. సైజుకి ముందు ఎల్‌టీ అని ఉంటే అది లైట్ ట్రక్ టైరు. పీ అని ఉన్నా, ఏ అక్షరమూ లేకుండా నేరుగా అంకెతో మొదలైనా సాధారణంగా ప్యాసింజర్ టైరు. సైజు చివర ఉండే అంకె లోడ్ ఇండెక్స్: 116 అంటే 1,250 కిలోలు, 121 అంటే 1,450. 121/118 అని రెండు అంకెలుంటే మొదటిది ఒక వైపు ఒకే టైరు ఉన్నప్పుడు, రెండోది వెనక జంట టైర్లున్న ట్రక్కుకి. ఇందులో ఒక మెలిక: అమెరికా ప్రమాణాల ప్రకారం ప్యాసింజర్ టైరుని ట్రక్కుకి వేస్తే దాని సామర్థ్యాన్ని 1.1తో భాగించి లెక్కేయాలి. అంటే ఆ 116 టైరు 1,250 కాదు, 1,136 కిలోలే. రెండు కలిపి 2,272. ఎల్‌టీలో 121 ఉన్నవి రెండు వేస్తే 2,900. హాఫ్ టన్ ట్రక్కులు (పికప్‌లలో తేలిక తరగతి) చాలావరకు ప్యాసింజర్ టైర్లతోనే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి కాబట్టి అదే రకం వింటర్ టైర్లు వేసుకోవడం తప్పేమీ కాదు, యాక్సిల్ అంకెకి సరిపోతే చాలు. కానీ చలికాలమంతా బరువు లాగేవాళ్లయితే నా ఓటు ఎల్‌టీకే. వింటర్ టైరు రబ్బరు మెత్తన, ట్రెడ్ బ్లాకుల నిండా కోతలు, దాని కింద సైడ్‌వాల్ కూడా మెత్తగా ఉంటే ట్రైలర్ ఊగినప్పుడల్లా ట్రక్కు వెనక భాగం దానితో పాటు కదులుతుంది. పొడి రోడ్డు మీద, పక్కగాలిలో ఆ తేడా బాగా తెలుస్తుంది, చేతులు స్టీరింగ్‌ని వదలనివ్వని టెన్షన్ అది.

పేర్ల విషయంలో జాగ్రత్త. ఒకే పేరుతో కార్ల టైర్లూ ఉంటాయి, ట్రక్కు టైర్లూ ఉంటాయి. బ్రిడ్జ్‌స్టోన్ వాళ్ల బ్లిజాక్ అంటే సరిపోదు, బ్లిజాక్ ఎల్‌టీ వేరు, ఎస్‌యూవీల కోసం చేసిన బ్లిజాక్ డీఎం-వీ2 వేరు. నోకియన్ కంపెనీలోనూ హకపెలీటా ఎల్‌టీ3 అని ప్రత్యేకంగా అడగాలి.

లోడ్ రేంజ్ అక్షరం కూడా చూడండి. ఎల్‌టీ టైర్లలో మామూలుగా 'సీ' అంటే 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), 'డీ' అంటే 65, 'ఈ' అంటే 80 దాకా గాలి పడుతుంది. టైరు మోసే బరువు గాలి మీదే ఆధారపడి ఉంటుంది, లోడ్ రేంజ్ 'ఈ' ఉన్న టైరు కొని 50 పీఎస్ఐతో నడిపితే దాని మీద రాసిన పూర్తి బరువు అది మోయదు. త్రీ క్వార్టర్ టన్, వన్ టన్ ట్రక్కులకి (పికప్‌లలో బరువు తరగతులు) లోడ్ రేంజ్ 'ఈ' కంటే తక్కువ వద్దు.

బరువు సంగతి తేలాక మంచు. సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు గుర్తు ఉండాలి. వట్టి ఎం ప్లస్ ఎస్ (మడ్ ప్లస్ స్నో) అని రాసుంటే దాన్ని నమ్ముకోవద్దు, అది ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసేది, పరీక్ష పెట్టి ఇచ్చేది కాదు. కొండ గుర్తుకి పరీక్ష ఉంది, కాకపోతే అది అణిగిన స్నో మీద పట్టు చూసే పరీక్ష, ఐస్ మీద ఎంత దూరంలో ఆగుతుందో చెప్పదు. ఆ గుర్తున్న ఆల్ టెర్రైన్ (రోడ్డుకీ మట్టిదారికీ కలిపి చేసిన) టైర్లు ఇప్పుడు బోలెడు వస్తున్నాయి. ఎప్పటికప్పుడు మంచు తీసేసే హైవేల మీదే తిరిగేవాళ్లకి అవి నడుస్తాయి. చలి సున్నాకి బాగా దిగువకి వెళ్లి, ఐస్ రోజుల తరబడి రోడ్డు మీదే ఉండే చోట అసలైన వింటర్ రబ్బరుకి సాటి రావు.

స్టడ్లు (ట్రెడ్‌లో దిగ్గొట్టే చిన్న లోహపు మేకులు) తడి ఐస్ మీద, అంటే ఉష్ణోగ్రత సున్నా దగ్గర తచ్చాడుతున్నప్పుడు నిజంగా ఆదుకుంటాయి. పొడి రోడ్డు మీద మోత, పైగా పట్టు కాస్త తక్కువ. చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కొన్ని చోట్ల పూర్తిగా నిషేధం, కొన్ని చోట్ల ఫలానా నెలల్లోనే అనుమతి, మీరు దాటి వెళ్లే ప్రాంతాల రూల్స్ కూడా చూసుకోండి. వెడల్పు సంగతి ఒక్క మాట: స్టిక్కర్ సైజుకి సరిపోయినంతలో సన్నటి టైరే మేలు, అది స్నోని కోసుకుంటూ వెళ్తుంది. నాలుగూ ఒకే రకం వేయాలి. వెనక రెండే వేసి సరిపెట్టుకుంటే కదలడానికి పనికొస్తుంది, మలుపులో ముందు చక్రాలు మాట వినవు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందిగా అనేవాళ్లకి కూడా ఇదే జవాబు, అది ముందుకు లాగుతుంది గానీ బండిని ఆపదు.

ట్రైలర్ టైర్ల గురించి ఎవరూ అడగరు, అదే నాకు విచిత్రం. ట్రక్కుకి మంచి వింటర్ టైర్లు వేసి, వెనక గట్టిపడిన పాత ఎస్‌టీ (ట్రైలర్ల కోసమే చేసే) టైర్లు ఉంచితే, ట్రక్కు ఆగుతుంది, ట్రైలర్ ఆగదు, నెట్టుకుంటూ పక్కకి తిరుగుతుంది. స్వీడన్‌లో చలికాలపు రోడ్ల మీద, లాగే కారుకి స్టడ్లుంటే ట్రైలర్‌కీ ఉండాలన్న నియమం ఊరికే పెట్టలేదు. ఎస్‌టీలో వింటర్ రకాలు అరుదు, కాబట్టి సైజు, రిమ్, బరువు మూడూ కుదిరితే ట్రైలర్‌కి ఎల్‌టీ వింటర్ టైర్లు వేసుకోవచ్చు. కుదరకపోతే కనీసం కొత్తవి, ట్రెడ్ నిండా ఉన్నవి ఉంచండి. ఎలక్ట్రిక్ బ్రేకులుంటే కంట్రోలర్ గెయిన్ (ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలో చెప్పే సెట్టింగ్) తగ్గించాలి, పొడి రోడ్డుకి సరిపోయిన గెయిన్ ఐస్ మీద ట్రైలర్ చక్రాలని బిగించేస్తుంది. ఖాళీ స్థలంలో నెమ్మదిగా వెళ్తూ బ్రేక్ వేసి చూసి, చక్రాలు లాక్ కాని చోటుకి దించుకోండి.

గాలి దగ్గర ఇంకో మోసం ఉంది. 10 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 5.5 సెల్సియస్ తగ్గితే 1 పీఎస్ఐ పోతుందని అందరూ చెప్పే లెక్క 35 పీఎస్ఐ కారు టైరుకి. 80 పీఎస్ఐ టైరులో అదే చలికి దాదాపు రెండింతలు పోతుంది. 20 డిగ్రీల వెచ్చటి గ్యారేజీలో 80 పెట్టి, బయట మైనస్ 20లో నిలబెడితే 67 దగ్గర తేలుతుంది. అందుకని బండి రాత్రంతా బయట చల్లబడ్డాక, కదిలించకముందే గాలి చూసి సరిచేయాలి. ట్రైలర్ లేని రోజుల్లో వెనక అంత గాలి అక్కర్లేదు, ఖాళీ ట్రక్కుకి 80 పెడితే టైరు నేలకి ఆనే భాగం తగ్గి జారుతుంది. స్టిక్కర్ ప్రకారమో, సైజు మార్చి ఉంటే టైరు కంపెనీ ఇచ్చే బరువు-గాలి పట్టిక ప్రకారమో పెట్టుకోండి.

చలికాలం కోసం వేరే రిమ్ములు కొంటుంటే వాటి మీద కూడా బరువు పరిమితి అచ్చు వేసుంటుంది, వెతికి చూడండి. చవక రిమ్ము టైరు కంటే తక్కువ మోస్తే టైరు మీద పెట్టిన డబ్బంతా దండగ. చిన్న రిమ్ముకి దిగేవాళ్లు బ్రేక్ క్యాలిపర్‌కి తగలకుండా తిరుగుతుందో లేదో ముందే సరిచూసుకోవాలి. టైరు ఎప్పుడు తయారైందో సైడ్‌వాల్ మీద అచ్చైన డీఓటీ కోడ్ చివరి నాలుగు అంకెలు చెబుతాయి, 3523 అంటే 2023లో 35వ వారం. ట్రెడ్ 5 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చాక స్నోలో పట్టు తగ్గిపోతుంది, చట్టం ఒప్పుకున్నా ట్రైలర్‌తో మంచులోకి వెళ్లకండి. రోజూ 7 డిగ్రీలు దాటడం మొదలైతే తీసేయండి, వెచ్చటి రోడ్డు మీద బరువుతో మెత్తటి రబ్బరు వేగంగా అరిగిపోతుంది. వేసిన ప్రతిసారీ 80 నుంచి 160 కిలోమీటర్లు నడిపాక నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాలి, ట్రైలర్‌వి కూడా.